కళ్లు మూసుకుని ఇచ్చిన ఇంటర్వ్యూ

నాకు కోపం తొందరగా వస్తుంది, మాట మాత్రం రాదు. ఇంట్లో అందరినీ దులిపేసేదాన్ని గానీ, నలుగురు కొత్తవాళ్లు నా మొహంలోకి చూస్తే చాలు, గొంతు పట్టేసేది. బీదర్‌లో డిగ్రీ అయ్యాక ఊరి పక్కనే కొల్హార్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో సీసాల మీద లేబుళ్లు సరిచూసే పనిలో చేరాను. హైదరాబాద్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలమది. మా చర్చి పిల్లలు సగం మంది అక్కడే కాల్ సెంటర్లలో కుదురుకున్నారు. నేనూ వెళ్లాను. ఇంటర్వ్యూలో నా పేరు చెప్పడానికే నోరు పెగల్లేదు. వాళ్లు మంచినీళ్లిచ్చి పంపేశారు.

రెండు నెలల తర్వాత అదే కంపెనీ నుంచి, ఇంకో నెలన్నరకి మళ్లీ రమ్మని ఫోన్ వచ్చింది. సంతోషించాల్సింది పోయి ఇంట్లో అందరి మీదా అరిచాను. ఈసారీ తప్పితే ఫ్యాక్టరీ షిఫ్టు ఆటోల్లోనే నా బతుకు తెల్లారిపోతుందని భయం. ఇంగ్లీషు రాక కాదు. గోడకైతే గడగడా అప్పజెప్పేదాన్ని.

మా పెద్దమ్మ కూతురు ఆస్పత్రిలో నర్సు. మెదడు గురించి దొరికిందల్లా చదివేది. నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"మెదడు లోపట బాదం పలుకంత ముక్క ఒకటుంటది. దానికి పామైనా, మేనేజరైనా ఒక్కటే. నువ్వెంత చెప్పినా వినదు. జరంత జరంత భయపెట్టి, ఏం కాలేదని దానికే చూపెట్టాలె."

భయపడటానికి చోటు కూడా అక్కే చూసింది. మా వాళ్లలో ప్రతి గురువారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం ఉంటుంది. వంతులవారీగా ఒక్కొక్కరు పైకి ప్రార్థన చేయాలి. చిన్నప్పటి నుంచీ నా వంతు అమ్మే తీసుకునేది. ఈసారి వద్దన్నాను. మొదటి వారం ఒక్క వాక్యం. ఊపిరి నెమ్మదిగా వదులుతూ మొదలుపెట్టమని అక్క చెప్పింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, అయినా ఏమీ కాలేదు. రెండో వారం మూడు వాక్యాలు. ఆరో వారానికి, అందరికీ పోసి ఉంచిన టీ చల్లారిపోయేంత సేపు చేశాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. నా గురించి చెప్పమన్నారు. ఊపిరి వదిలాను. బీదర్, చదువు, ఫ్యాక్టరీ, అన్నీ ఇంగ్లీషులో ధారగా వచ్చేశాయి. చివర్లో ఆమెన్ అనబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడు తెలిసింది, నా కళ్లు మూసుకుని ఉన్నాయని. తెరిచేసరికి ముగ్గురూ నన్నే చూస్తున్నారు. వాళ్లలో ఒకావిడ, తలనొప్పిగా ఉందా అని మెల్లగా అడిగింది. అంతే, గొంతు మూతపడింది. మాట బాగుంది కాబట్టి పదిహేను రోజులాగి రమ్మన్నారు. అదే ఆఖరిసారి అని కూడా చెప్పారు.

తిరిగొచ్చి చెబితే అక్క ముందు పడీపడీ నవ్వింది. తర్వాత తల పట్టుకుంది.

"తప్పు నాదే. ఎట్ల నేర్పితే మెదడు అట్లనే నేర్చుకుంటది. మనం దానికి కండ్లు మూసుకొని మాట్లాడుడు నేర్పినం."

ఇక కళ్లు తెరిచి ప్రార్థన చేయాలి. మా ఇళ్లలో ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచిన పిల్లకు తొడపాశం తప్పదు. మనుషుల భయానికి దేవుడి భయం తోడైంది. ఆ గురువారం కూటం మా ఇంట్లోనే. మొదలుపెట్టి, కళ్లు తెరిచాను. అన్నీ వంచిన తలలే. మూలన అమ్మ మాత్రం కళ్లింత చేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నన్నే చూస్తోంది. నేను ఆగితే అందుకోవడానికి సిద్ధంగా ఉంది. ఇన్ని వారాలూ ఇలాగే కూర్చుందన్నమాట. నా మీద నమ్మకం లేదా అని కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మాట తెగిపోయింది. అమ్మ పెదవులు కదిలాయి. వద్దని తల ఊపి, తెగిన చోటు నుంచే మళ్లీ అందుకున్నాను. చాలాసేపటికి గానీ అమ్మ కళ్లు మూసుకోలేదు.

ఆఖరి ఇంటర్వ్యూలో ముగ్గురినీ చూస్తూనే మాట్లాడాను. బల్ల కింద కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఉద్యోగం వచ్చింది.

నేను బయల్దేరే రోజు ఇంట్లో చిన్న ప్రార్థన పెట్టారు. అమ్మ వంతు వచ్చింది. ఎంతసేపటికీ ఆమెకు గొంతు పెగల్లేదు. ఆమె వంతు నేనే తీసుకున్నాను, ఆమెను చూస్తూ.