పాల్మాకులలో తడి సున్నం

పాల్మాకులకు వెళ్ళాల్సింది మా పాస్టరుగారు. ఆయన కాలికి కట్టు పడటంతో ఆ పని నా నెత్తిన పడింది. మైలార్‌దేవ్‌పల్లిలో మా చర్చి వాళ్ళం పేదల తరఫున అర్జీలు రాసిస్తుంటాం. రాయమంటే ఎన్నయినా రాస్తాను. రిటైరైన టీచర్ని, అదేం కష్టం కాదు. ఎదుటపడి మాట్లాడాలంటేనే నాకు కాళ్ళలో వణుకు. "మీరేం మాట్లాడక్కర్లేదమ్మా, వాళ్ళ పక్కన నిలబడితే చాలు" అన్నారాయన. నిలబడేది ఆ కాళ్ళ మీదే కదా అని ఆయనకు చెప్పలేకపోయాను.

సంగతేమిటంటే, ఆ ఊరి చివర దళిత క్రైస్తవ కుటుంబాలు తమవాళ్ళను పాతిపెట్టుకునే చిన్న జాగా ఉంది. దాన్ని ఆనుకుని ప్లాట్ల వెంచర్ పడింది. అది ఉత్త ఖాళీ భూమి అని వెంచర్ వాళ్ళ వాదన. ఆ రోజు మండల సర్వేయర్ వచ్చి చూస్తాడు. సమాధులు లేవని రాశాడా, సాయంత్రానికి జేసీబీ దిగుతుంది.

ఉదయం ఏడింటికి ఆరాంఘర్ చౌరస్తాలో షాద్‌నగర్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు. ఎవరైనా ఆ దారిన వెళ్తే పాల్మాకుల స్టేజీలో ఆపమని కండక్టర్‌కు ముందే చెప్పుకోండి. శంషాబాద్ దాటాక బస్సు ఒకటే పరుగు. పక్క సీట్లో కూరగాయలమ్మి వెళ్తున్న ఆమె ఎక్కడికి, ఎందుకని అడిగితే చెప్పాను. ఖాళీ గంపను ఒళ్ళోకి లాక్కుంది.

"ఆ వెంచరోళ్ళ తోటా? జర పైలం అక్కా. వాళ్ళ జోలికి ఎవ్వరు పోరు."

డబ్బాలో ఇడ్లీలు తెచ్చుకున్నాను. ఇక మూత తియ్యబుద్ధి కాలేదు. దిగకుండా షాద్‌నగర్ దాకా పోయి, అదే బస్సులో వెనక్కి వచ్చేస్తే ఎవరికి తెలుస్తుందని కూడా అనిపించింది. ఈలోగా కండక్టర్ నా స్టేజీ పేరు అరిచాడు.

స్టేజీలో ఆ కుటుంబాల తరఫున శాంతమ్మ నాకోసం కాచుకుని ఉంది. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని ఆమెది. ఆ పూట సెలవు పెట్టుకుంది. కొన్నేళ్ళ కింద పెళ్ళీడుకొచ్చిన కొడుకు ప్రసాదు జ్వరంతో పోతే ఆ జాగాలోనే పెట్టింది. "నేను పోయినంక వాని పక్కనే పండుకోవాలె అమ్మా. ఇంకేం అడుగుత లేను" అంది నడుస్తూ.

జాగా చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. రాళ్ళు పేర్చిన మట్టి దిబ్బలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మామూలుగా ఈస్టర్ ముందు రోజే సమాధులకు సున్నం వేస్తారు. సార్లొస్తున్నారు, మంచిగా కనబడాలని ఆడవాళ్ళంతా ముందు రోజు పొద్దుగూకే దాకా కూర్చుని వేశారట. ముసురు పట్టడంతో ఇంకా ఆరలేదు. పక్కనే ఆగి ఉన్న జేసీబీని చూశాక మాత్రం నా ప్రాణం మళ్ళీ కిందికే పోయింది.

పదింటికి సర్వేయర్ వచ్చాడు. వెంచర్ సూపర్‌వైజర్ ఒక రాయి మీద వేలు రాసి, ఆ తెల్లటి వేలు ఆయనకు చూపించాడు.

"గివి నిన్న పేర్చిన రాళ్ళు సార్. సున్నం ఇంక తడే ఆరలే."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముద్దుగా చేసుకున్న పనే మెడకు చుట్టుకుంది. పాస్టరుగారు పంపిన, ఇవే సమాధుల ఈస్టర్ ఫోటోలు నా ఫోన్లో చూపించాను. "ఏ ఊరి ఫోటోలో ఎవరికెరుక?" అన్నాడు సూపర్‌వైజర్. సర్వేయర్ కూడా అనుమానంగా తల గోక్కున్నాడు.

"ఒకటి తవ్వి చూద్దాం సార్. మిషన్ ఈడనే ఉంది."

"పర్మిషన్ లేకుండా సమాధి తవ్వకూడదండీ" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"సమాధైతే గద మేడం పర్మిషన్. గిది రాళ్ళ కుప్ప."

జేసీబీ డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఎవరి దిబ్బ ముందు వాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. శాంతమ్మ ఒక్కతే పక్కకు జరిగింది.

"నా కొడుకుది తవ్వుండ్రి సార్. వాడు గీడనే ఉన్నడు."

ఎలా కదిలానో తెలియదు, జేసీబీకీ ఆ దిబ్బకూ మధ్యకు వచ్చేశాను. "మిషన్‌తో వద్దు. చేత్తో తవ్వండి" అన్నాను. ఈసారి అందరికీ వినబడింది. సర్వేయర్ ఇంజన్ ఆపమన్నాడు.

శాంతమ్మ మరిదే పార పట్టాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఏమీ దొరక్కపోతే అని ఒక భయం, దొరికితే అని అంతకన్నా పెద్ద భయం. నడుములోతు దాకా మట్టి, రాళ్ళు, మళ్ళీ మట్టి. చివరికి పార చెక్కకు తగిలిన చప్పుడు. పుచ్చిపోయిన పెట్టె అంచు, తుప్పు పట్టిన ఒక మేకు.

"చాలు. కప్పెయ్యుండ్రి" అన్నాడు సర్వేయర్. సమాధులున్నాయని రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాడు. సూపర్‌వైజర్ ఫోన్లో మాట్లాడుతూ వెళ్ళిపోయాడు. జేసీబీ మాత్రం కదల్లేదు.

శాంతమ్మ ఏడవలేదు. మట్టిని తనే రెండు చేతులా తోసుకుంది. రాళ్ళు పేర్చింది.

రెండింటికి స్టేజీ దాకా వచ్చి నన్ను బస్సెక్కించింది. బస్సు కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుని అడిగింది.

"అమ్మా, మళ్ళా ఈస్టర్‌కు సున్నం వెయ్యాల్నా, వద్దా?"

"వెయ్యండి" అన్నాను. బస్సు కదిలింది.

తిరుగు ప్రయాణంలో ఇడ్లీ డబ్బా తెరిచాను. ఒక్క ముద్దయినా దిగలేదు. జాగా నిలబడింది, నేనూ నిలబడ్డాను, పాస్టరుగారికి చెప్పడానికి మంచి వార్తే. కానీ బిడ్డ సమాధికి సున్నం వేసుకోవడానికి ఒక తల్లి నన్ను అడిగి వేసుకోవాల్సి వచ్చింది. వెయ్యమని చెప్పేశాను. మళ్ళీ ఎవడైనా వేలితో రాసి చూస్తే, ఈసారి ఎవరిది తవ్వించాల్సి వస్తుందో నాకు తెలియదు.