గుర్తు మార్చిన గుడ్డ

మంగళవారం పొద్దున లాండ్రీలో తన అరలో చెయ్యి పెడితే, తను పెట్టని గుడ్డ ఒకటి, సూది అని అందరూ పిలిచే ఆమె చేతికి తగిలింది. ఉతికి, ఆరి, నాలుగు మడతలు పెట్టి ఉంది. మూలన ఊదారంగు దారంతో మూడు కుట్లు. కుట్లు ఆమెవే. గుడ్డ మాత్రం ఊరికి అవతలి చివర, రెండు నెలలు దాటిన ఒక ఆడపిల్ల కింద పరిచి ఉండాల్సింది.

ఆమె దాన్ని బయటికి తియ్యలేదు. పైన స్వెట్టర్ కప్పి, అర తలుపు వేసి, తన బల్ల దగ్గరికెళ్ళి కూర్చుంది.

సూది ఆమె అసలు పేరు కాదు. సన్నగా ఉంటుందని పెట్టామంటారు కొందరు. నోరు చూసి పెట్టామంటారు మిగతావాళ్ళు. పని కూడా సూదితోనే. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి గౌన్లు, హాస్టల్ తువ్వాళ్ళు అన్నీ ఒకే మిషన్లలో పడతాయి కాబట్టి ప్రతి గుడ్డ మూలనా అది ఎవరిదో చెప్పే గుర్తు ఉండాలి. ఒక్కో చోటికి ఒక్కో రంగు దారం, ఒక్కో రకం కుట్టు. హోటల్‌కి ఎరుపు, హాస్టల్‌కి నీలం. పనివాళ్ళు వారానికోసారి తమ బట్టలు అక్కడే ఉతుక్కోవచ్చు, అందుకని వాళ్ళకీ గుర్తులున్నాయి. లాండ్రీలో నడిచే సూత్రం ఒకటే. గుర్తు ఎవరిదైతే గుడ్డ వాళ్ళ అరలోకి. ఎలా వచ్చింది, ఎందుకొచ్చింది అని ఎవరూ అడగరు.

కిందటేడు బాయిలర్ చెడిపోతే ఒక మెకానిక్ వచ్చాడు. బాయిలర్ వారంలో బాగైంది. అతను ఇంకో మూడు నెలలు వస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు, ఫోన్ నంబరు కూడా పనిచెయ్యడం మానేసింది. అతనికి వేరే ఊళ్ళో పెళ్ళాం ఉందని సూదికి తెలిసేసరికి ఆమె కడుపుకి ఐదో నెల.

ఆమె ఉండేది అన్న ఇంట్లో. రెండు గదులు. ఒకదాంట్లో అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు. రెండోది వంటగది, రాత్రయితే సూది పడకగది. వదిన అదే లాండ్రీలో ఇస్త్రీ రోలర్ మీద పనిచేస్తుంది. విషయం తెలిసినప్పుడు అరవలేదు.

"అడుసు తొక్కావు, సరే. కాలు కడిగే నీళ్ళు నేను చూపిస్తాను" అంది.

ఆ నీళ్ళు వదిన వాళ్ళ అక్క. పక్క వీధిలోనే ఉంటుంది. మూడుసార్లు కడుపు నిలవలేదు. ఆసుపత్రిలో తల్లి పేరు దగ్గర ఆమె పేరే రాయిస్తే, బిడ్డ ఆమె బిడ్డగానే ఇంటికొస్తుంది. ఆఫీసులు, కోర్టులు ఏమీ అక్కర్లేదు.

"మనింటి బిడ్డ మనింట్లోనే ఉంటుంది. నువ్వు రోజూ చూసుకోవచ్చు" అంది వదిన.

రోజూ చూడాలన్న మాట దగ్గరే సూది ఆగిపోయింది. ఏడో నెల పరీక్షకి వెళ్ళినప్పుడు, వదిన మందుల కొట్టు దగ్గర ఉండగా నర్సుని అడిగింది, బిడ్డని వేరేవాళ్ళకి సరైన దారిలో ఇవ్వాలంటే ఎలా అని. నర్సు ఒక ఆఫీసు చిరునామా చెప్పింది.

ఆ ఆఫీసు టైర్ల కొట్టు పైన ఉంది. కింద ఎవడో ఇనుప రాడ్డుతో టైరు ఊడదీస్తున్నాడు. అక్కడి మేడమ్ కిటికీ మూసి, కుర్చీ చూపించింది.

"ఇప్పుడే సంతకం పెట్టేస్తాను మేడమ్. మళ్ళీ ఎవరూ నా చేత మాట మార్పించకుండా."

"ఇప్పుడు పెడితే చెల్లదమ్మా. బిడ్డ పుట్టాలి. పుట్టాక కూడా అదే రోజు కాదు. మీరు కోలుకుని, మందుల మత్తు పూర్తిగా దిగి, మీ అంతట మీరు వచ్చి పెట్టాలి. మీ బదులు మీ అన్నయ్య పెట్టినా, వదిన పెట్టినా అది సంతకం కాదు."

"పెట్టాక?"

"రెండు నెలలు ఆగుతాం. బిడ్డ శిశుగృహంలో ఉంటుంది. ఆ లోపల ఏ రోజు వచ్చి అడిగినా మీ బిడ్డ మీకే. గడువు దాటాక అడిగితే ఇవ్వలేం. ఎవరింటికి వెళ్తుందో మీకు చెప్పం, మీరెవరో వాళ్ళకి చెప్పం."

"మా దగ్గరా అంతే మేడమ్. ఎవరూ తీసుకెళ్ళని బట్టలు కొన్నాళ్ళు ఆపుతాం. తర్వాత గచ్చు తుడవడానికి వాడేస్తాం."

"ఇక్కడ తర్వాత జరిగేది అది కాదులెండి" అంది మేడమ్. నవ్వు ఆపుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు. "కొందరు మనసు మార్చుకుంటారు. ఎక్కువమంది మార్చుకోరు. ఎవరు ఏ రకమో ముందు చెప్పలేం. అందుకే ఆ గడువు."

బిడ్డ పుట్టిన మర్నాడు వదిన తన అక్కని వెంటబెట్టుకుని ఆసుపత్రికొచ్చింది. అక్క చేతిలో కొత్త దుప్పటి, ధర చీటీ కూడా తియ్యలేదు. మంచం అంచున కూర్చుని, బిడ్డని ఎత్తుకోకుండా, వేళ్ళు మాత్రం లెక్కపెట్టుకుంటోంది.

"పేరు నాదే రాయించాను వదినా. బిడ్డని ఆఫీసు ద్వారా ఇస్తున్నాను" అంది సూది.

వదిన మొహం మాడిపోయింది. "ముక్కూ మొహం తెలియనివాళ్ళకిస్తావు కానీ మా అక్కకివ్వవు. ఏం పాపం చేసింది అది?"

"ఏ పాపం చెయ్యలేదు. పక్క వీధిలో ఉంది, అంతే. ఆ పిల్ల నా కళ్ళ ముందు పెరిగి, నన్ను అత్తా అని పిలుస్తుంటే, ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటావుగా. అప్పుడు ఆ పిల్ల గతేంటి? పెద్దొదిన గతేంటి?"

అక్క దుప్పటిని మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

కోలుకున్నాక సూది టైర్ల కొట్టు మీదికి నడిచెళ్ళి సంతకం పెట్టింది. బిడ్డతో ఏదైనా ఇవ్వొచ్చా అని అడిగితే, "ఇవ్వొచ్చు. బిడ్డతో వచ్చింది బిడ్డతోనే వెళ్తుంది" అంది మేడమ్. సూది దగ్గర ఉన్నది హోటల్ వాళ్ళు తీసేసిన దుప్పటి నుంచి కత్తిరించిన ముక్క. వందసార్లు ఉతికిన గుడ్డ పసివాళ్ళకి మెత్తగా ఉంటుంది. ముందు రాత్రే దాని అంచులు మడిచి కుట్టింది. అంచు కుట్టడం అయ్యాక చెయ్యి దానంతటదే మూలకి పోయి గుర్తు వేసింది. కుట్టే సూదిలో ఉన్నది తన బట్టలకి వాడే ఊదా దారం. అంచు కుట్టి మూల వదిలెయ్యడం ఆ చేతికి అలవాటు లేదు.

లాండ్రీలో మాత్రం, బిడ్డ దూరపు చుట్టాల దగ్గరుందని చెప్పింది. ఎవరూ రెట్టించలేదు. కిందటి వారం లాండ్రీకి కొత్తగా ఒక శిశుగృహం పని వచ్చింది. దానికి ఆకుపచ్చ దారం ఇచ్చారు. ఊళ్ళో అలాంటివి మూడు నాలుగున్నాయి కదా అని సూది తనకి తాను చెప్పుకుంది. ఆ గుర్తు కుట్టేటప్పుడు రెండుసార్లు దారం తెగితే, నాసిరకం దారం అనుకుంది.

ఇప్పుడు గుడ్డ అరలో ఉంది. గడువు శుక్రవారం.

పెద్ద దుప్పట్లు మడవడానికి ఇద్దరు కావాలి. సూదికి జత అద్దాల పెద్దమ్మ. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని మూటలు విడదీసేది కూడా ఆమే. మడత పెట్టేటప్పుడు ఇద్దరూ దగ్గరికొస్తారు, అంచులు కలుపుతారు, మళ్ళీ వెనక్కి జరుగుతారు. దగ్గరికొచ్చినప్పుడే మాటలు.

"నీ అరలో పెట్టింది నేనే."

వెనక్కి. దగ్గరికి.

"ఆకుపచ్చ మూటలో వచ్చింది."

"పొరపాటున కలిసుంటుంది పెద్దమ్మా."

"నా చేతిలో కలవదు. కలిస్తే ఈ అద్దాలు తీసి నీకిచ్చేస్తాను."

వెనక్కి. ఈసారి దుప్పటి సూది చేతిలోంచి జారింది. తీసి, దులిపి, మళ్ళీ అంచు పట్టుకుంది.

"ఇంకెవరైనా చూశారా?"

"రోలర్ మీంచి తీసి నాకిచ్చింది మీ వదినే."

వదిన బుధవారం సెలవు పెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ చెప్పింది. "లాండ్రీ వ్యాను డ్రైవర్ని అడిగి శిశుగృహానికి వెళ్ళాను. గేటు దాటనివ్వలేదు. తల్లి వచ్చి అడగాలట. తల్లి అడిగితే శుక్రవారం దాకా ఇస్తారట."

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని అందరికీ తెలుసు.

"నువ్వేం పెంచక్కర్లేదు. వచ్చి అడుగు, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"రాను వదినా."

"సరే. శుక్రవారం సాయంత్రం నాతో అక్కడికన్నా రా, లేకపోతే శనివారం పొద్దున నీ బట్టలన్నా సర్దుకో. ఈ ఇంట్లో నా మాటకి ఆ మాత్రం విలువుండాలి."

అన్న దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

గురువారం మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పే వేళకి లాండ్రీ వెనక తలుపు దగ్గరికి వదిన అక్క వచ్చింది. అదే సంచి, అందులో అదే దుప్పటి. వేడి గాలి మొహం మీద కొడుతుంటే పక్కకి జరిగి నిలబడింది.

"నువ్వు రమ్మన్నావని చెప్పింది మా చెల్లెలు. మనసు మార్చుకున్నావట."

సూది వేలికి చుట్టుకున్న దారప్పోగు విప్పుకుంటూ, "నేను రమ్మనలేదు పెద్దొదినా" అంది.

అక్క ఏడవలేదు. సంచి చెవులు రెండూ ముడేసింది.

"అది మంచికే చేస్తుందిలే. దాని పద్ధతే అంత. చిన్నప్పుడు నాకు గాజులు కావాలని పక్కింటి పిల్ల చేతివి లాక్కొచ్చింది." సంచి చంకలో పెట్టుకుని అడిగింది. "ఆ ఆఫీసులో నాలాంటివాళ్ళు పేరు రాయించుకోవచ్చా?"

"రాయించుకోవచ్చట. ఇల్లు చూస్తారు, పరీక్షలు చేస్తారు, వరసలో ఆగాలి. టైర్ల కొట్టు పైన."

"ఆగడం నాకు కొత్తేం కాదులే" అని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక సూది అర తలుపు తీసింది. గుడ్డని మొహానికి పెట్టుకుంది. లాండ్రీ సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. తాము అంత శుభ్రంగా ఉతుకుతున్నందుకు ఆమెకి మొదటిసారి కోపం వచ్చింది. తర్వాత సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి, శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు కావాలంది. ఎందుకో ఆమెకీ తెలియదు.

శుక్రవారం టీ వేళకి మెట్ల కింద నిలబడి మేడమ్‌కి ఫోన్ చేసింది.

"ఇవాళ ఎన్నింటిదాకా ఉంటారు మేడమ్?"

"ఐదున్నర దాకా. వస్తున్నారా?"

"తెలీదు. వస్తే ఇస్తారా?"

"ఇస్తాం. తీసుకెళ్ళాక ఎవరు పెంచుతారు, ఎక్కడ ఉంటారు అని ఒకసారి అడుగుతాం. బెదిరించి ఎవరైనా తీసుకొస్తే మాత్రం, నాతో విడిగా చెప్పండి."

"బిడ్డ బాగుందా?"

"బాగుంది. కిందటి వారం నుంచి బోర్లా పడాలని చూస్తోందట."

సూది ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ మెట్ల కిందే ఉంది. పై నుంచి ఎవరో రెండుసార్లు పిలిచారు.

భోజనాలయ్యేసరికి వదిన పనిబట్టలు మార్చుకుని, జుట్టు దువ్వుకుని, చేతిసంచితో రోలర్ పక్కన నిలబడి ఉంది. సూది సెలవు సంగతి ఆమె చెవిన పడింది. మొహంలో ఇవాళ కోపం లేదు. దానికే సూదికి ఎక్కువ భయం వేసింది.

సూది అరలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. అద్దాల పెద్దమ్మ మూట విడదీస్తూ ఆగి చూసింది. సూది చిన్న కత్తెర మొన పెట్టి ఊదా కుట్టు ఒకటి తెంపింది. రెండోది. మూడోది మాత్రం తానే బిగించి ముడి వేసిందేమో, కాసేపు రాలేదు. గోటితో ఎత్తి, తెంపి, పోగులు ఊదేసింది. గుడ్డ మూలన సన్నటి చిల్లులు మిగిలాయి. ఆకుపచ్చ దారం ఎక్కించి, ఆ చిల్లుల మీదుగానే శిశుగృహం గుర్తు కుట్టింది.

లేచి, వదిన పక్కనుంచి నడిచి, గుడ్డని ఆకుపచ్చ అరలో మిగతావాటి మధ్య పెట్టింది.

"అంటే?" అంది వదిన.

"నాలుగింటికి వ్యానొస్తుంది వదినా. దాంతో వెళ్తుంది."

"నేనన్న మాట గుర్తుందా?"

"ఉంది. రేపు పొద్దున సర్దుకుంటా."

వదిన సంచి మేకుకి తగిలించి, పనిబట్టలు మళ్ళీ వేసుకోకుండానే రోలర్ స్విచ్ వేసింది. సూది సెలవు వాడుకోలేదు. ఐదున్నరకి తల ఎత్తి గడియారం చూసింది. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని గుర్తొచ్చి, ఇంకో ఐదు నిమిషాలు దాన్నే చూసింది.

శనివారం ఆమె పెట్టె సర్దుకుని, పనిచేసే ఆడవాళ్ళ హాస్టల్‌కి మారింది. అన్న పెట్టె మోసుకుని గేటు దాకా వచ్చి, "సెలవు రోజుల్లో రా" అని, వెనక్కి చూడకుండా వెళ్ళాడు. హాస్టల్ వాళ్ళు ఇచ్చిన తువ్వాలు మూలన నీలం దారంతో గుర్తుంది. కుట్టు తనదే, కొంచెం వంకరగా పడింది.

సోమవారం మేడమ్ ఫోన్ చేసి, గడువు అయిపోయిందని చెప్పింది. సూది సరేనంది.

ఆ గుడ్డ ఆ తర్వాత ఐదు వారాలు ఆకుపచ్చ మూటలో వస్తూనే ఉంది. అద్దాల పెద్దమ్మ దాన్ని మారు మాట్లాడకుండా ఆకుపచ్చ అరలో పెట్టేది. ఆరో వారం మూటలో అది లేదు.