మార్తమ్మ ఆమెన్ అనేదాకా

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, పశుసంవర్ధక శాఖ నన్ను అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేవెళ్లకు వేసింది. కింది డాక్టర్లు చేతులెత్తేసిన కేసులు నా దగ్గరికి వచ్చేవి. దాంతో నాకూ కొంచెం కొమ్ములు మొలిచాయి.

చేరిన వారానికే కనకమామిడి అనే ఊరి నుంచి ఫోను. మార్తమ్మ అవ్వ బర్రె పొద్దుటి నుంచి ఈనలేక అవస్థ పడుతోందట. ఆమెకున్నది ఆ ఒక్క బర్రే. ఇల్లు దాని పాల మీదే నడుస్తుంది. వెళ్లి చూస్తే దూడ ముందరి కాలు మోకాలి దగ్గర వెనక్కి మడతపడి ఉంది. అలాంటప్పుడు తోక మొదట్లో మత్తు సూది వేసి, పది పదిహేను నిమిషాలు ఆగి, ముక్కడం తగ్గాక దూడను లోపలికి నెట్టి కాలు సరిచేయాలి. ఈ పాఠం జూనియర్లకు చెప్పేది నేనే. ఆ రోజు మాత్రం సూది వేసిన మరుక్షణం భుజం దాకా చెయ్యి పెట్టేశాను.

బర్రె ముక్కింది. నెట్టాను. ఇంకా గట్టిగా ముక్కింది. చెమటలు కారిపోతుంటే, లాభం లేదవ్వా, దూడను కోసి తీయాలి, బర్రె మీద కూడా ఆశ పెట్టుకోవద్దు అనేశాను.

"ఇగ నాకెవరున్నరు దేవా!" అంటూ అవ్వ కూలబడింది. అంతలోనే కొంగు తల మీదికి లాక్కుంది. "ప్రార్థన చేస్త సారూ. ఆమెన్ అనేదాకా కదలకు."

పగ్గం పట్టుకున్న ఆమె తమ్ముడు కూడా కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన మధ్యలో కదలడం క్రైస్తవుల ఇళ్లలో మర్యాద కాదు. నేనేమో మోకాళ్ల మీద, చెయ్యి బర్రెలో. ఎవరైనా చూస్తే నాదీ ప్రార్థనే అనుకుంటారు.

అవ్వ బర్రె కోసం అడిగింది, దూడ కోసం అడిగింది, "ఈ సారుకు జర ఓపిక ఇయ్యి తండ్రీ" అని నా కోసమూ అడిగింది. ఒళ్లు మండింది. తర్వాత వానల కోసం మొదలుపెట్టింది. అప్పుడు చేతి చుట్టూ బిగువు సడలింది. మత్తు ఎక్కింది.

ఆమెన్ అనగానే దూడను నెట్టి, గిట్టను అరచేతితో కప్పి, కాలు ముందుకు తెచ్చాను. కాసేపటికి దూడ బయటపడి తుమ్మింది. అవ్వ ఏడ్చేసింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

చేతులు కడుక్కుంటూ, పనిచేసింది సూది అన్నాను.

"దేవుడు నిన్ను ఆపకుంటే సూదేం జేస్తుండె?" అంది అవ్వ. "నా ప్రార్థన ఎప్పుడో అయిపోయింది సారూ. ఒక కన్ను తెరిచి చూసిన. బర్రె కంటే నువ్వే ఎక్కువ ముక్కుతున్నవ్. అందుకే వానల సంగతి గూడ చెప్పిన."

సూది వేశాక ఆగాలని నాకు ముందే తెలుసు. ఆగడం ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటి నుంచి జూనియర్లకు నిమిషాల లెక్క చెప్పలేదు. మార్తమ్మ వానల దాకా వచ్చేంత సేపు ఆగమన్నాను.