తడిస్తే తెగే పోగు

నా మొదటి ఉద్యోగం నూలు తెంపడం. 1976 జూన్ నుంచి కరీంనగర్ దగ్గర ఒక నూలు మిల్లులో, పరీక్షగదిలో పనిచేశాను. మరల మీద వడికిన నూలును నూట ఇరవై గజాలు చక్రానికి చుట్టి, ఆ లడిని రెండు కొక్కేల మధ్య తగిలించి తెగేదాకా లాగాలి. ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకె రాసుకోవాలి. గదిలో ఆ పూట తేమ ఎంతుందో దాని పక్కనే రాయాలి. పత్తినూలు పొడిగాలికి పెళుసుబారుతుంది, తేమ తగిలితే బలం పుంజుకుంటుంది. అందుకే తేమ రాయని అంకెను మా పెద్దసారు ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఆ పట్టింపు నాకు అక్కడే అంటుకుంది, ఈ వయసులోనూ పోలేదు.

మా ఇల్లు సిరిసిల్ల పక్కన. బాపు గుంటమగ్గం నేసేవాడు. శనివారం సాయంత్రం బస్సుకు నేను ఇల్లు చేరగానే అవ్వ, అంటే మా అమ్మ, మొదలుపెట్టేది.

"మేం పొద్దంత అతుకుతం, నువ్వు పొద్దంత తెంపుతవు. జీతం మాత్రం నీకు, నడుంనొప్పి మాకు."

బాపు నవ్వి ఊరుకునేవాడు. ఆయన మగ్గం మీద పోగు తెగడమే అరుదు. పదో తరగతి సెలవుల్లో, తోచక, ఆయన పక్కన కూర్చుని తెగిన పోగులన్నీ లెక్కపెట్టాను. సగటున గజానికి నాలుగు. మా వీధిలో మిగతా మగ్గాల మీద పది దాకా ఉండేవి. ఆ సంగతి చెబితే, "పోగులను లెక్కపెడతరా బిడ్డా, దిష్టి తగుల్తది" అన్నాడు గానీ, ఆ పూట అన్నం తింటూ అవ్వకు తనే రెండుసార్లు చెప్పాడు.

1979 ఎండాకాలంలో చేనేత సొసైటీలో పత్తినూలు దొరకలేదు. బజారులో ఒక దుకాణదారు కొత్తరకం నూలు ఇచ్చాడు. మెత్తగా, కొంచెం నిగనిగలాడుతూ ఉంది. బాపు ఊరికే తీసుకునే మనిషి కాదు. ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో కాల్చి చూశాడు. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్ల మధ్య పొడిగా రాలింది. నైలాను లాంటిదైతే కరిగి ముద్దకట్టేది. "పత్తే" అని తేల్చుకుని పడుగు వేశాడు.

అప్పటినుంచి పోగులు తెగడం మొదలైంది. మే మొదటి ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. ఒక్క గజంలో ముప్ఫై ఒకటి తెగాయి. ఎండాకాలం పోగు తెగుతుంటే నేతపని వాళ్లు ఏం చేస్తారో మా ఇంట్లోనూ అదే చేశారు. మగ్గం కింది గుంటలో ఇసుక పోసి తడిపారు. కిటికీకి తడి గోనెపట్టా కట్టారు. పోగు తెగినప్పుడల్లా, దానికి దూప, అంటే దాహం, అయిందంటూ అవ్వ చెంబులోని నీళ్లు పుక్కిట పట్టి, పడుగు మీద మంచులాగా పడేట్టు ఊదేది. ఆ ఊదడం ఆమెకే చేతనవును, ఒక్క చుక్క కూడా పెద్దగా పడదు. మా నేత ఇళ్లలో అత్తలు కోడళ్లకు ముందు నేర్పే విద్య అది. ఆమె ఎంత ఊదితే పోగులు అంత తెగుతున్నాయి. అవి ఎంత తెగితే ఆమె అంత ఊదుతున్నది.

ఆ సాయంత్రం బాపు గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"చెయ్యి పోయింది బిడ్డా. గీ బట్ట దిగంగనే గుంట పూడుస్త" అన్నాడు.

సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర, కండెలు చుట్టే పని అడిగి వచ్చాడట. నాకు బాధ అది చిన్నపని అని కాదు. అన్నం తినేటప్పుడు తన వేళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. అప్పటికి ఆయనకు అరవై ఒకటి. నేత అందరూ చేసే పనే అయినా, ఆయన తన గురించి గొప్పగా అనుకున్నది పోగు తెగకుండా నెయ్యడం ఒక్కటే.

సోమవారం ఆ నూలు కొంత సంచిలో వేసుకుని మిల్లుకు వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ పరీక్షించాను. లడి మీద లడి తెంపాను. బలంలో లోపం లేదు, సన్నం లావు తేడాల్లేవు. పెద్దసారు చూసి, నూలు బాగుందనీ, నేసేవాళ్ల దగ్గరే ఏదో పొరపాటు ఉంటుందనీ అన్నారు. నేసేది మా బాపు అని ఆయనకు చెప్పలేదు. నూలు బాగుంటే చెయ్యి పోయినట్టే. ఆ మాట ఇంటికి మోసుకుపోయి ఏ నోటితో చెప్పాలో తెలియక రెండు రోజులు పరధ్యానంగా ఉన్నాను.

బుధవారం ఎవరిదో లడి తెంపి, అలవాటుగా పక్కన తేమ అంకె వేస్తుంటే తట్టింది. నేను ఆ నూలును మా పరీక్షగది గాలిలో లాగి చూశాను. అది తెగుతున్నది తడి గుంట మీద, అవ్వ ఊదిన నీళ్ల కింద.

పత్తి తడిస్తే గట్టిపడుతుందని చిన్నప్పటినుంచి తెలుసు కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇరవై పోగులు నీళ్లగిన్నెలో నానవేసి, ఒక్కొక్కటే చిన్న కొక్కేనికి తగిలించాను. మొదటిది ముల్లు కదిలీ కదలకముందే జారి తెగింది. నా గోరు తగిలిందేమో అనుకున్నాను. రెండోదీ అంతే. ఇరవై పూర్తయ్యేసరికి సగటు పొడినూలు బలంలో సగం కూడా లేదు. పైగా తెగేముందు సాగుతున్నది, సాగింది మళ్లీ వెనక్కి రావడం లేదు.

పెద్దసారును పిలిచాను. ఆయన ఒక పోగు విప్పి సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను కూడా చూడమన్నారు. పత్తి పీచు నలిగి మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది. ఇది మెలికల్లేకుండా, సన్నని చువ్వలాగా తిన్నగా ఉంది. కట్టెగుజ్జును కరిగించి సన్నని రంధ్రాల గుండా తీసిన నూలు ఇదని ఆయన వివరించారు. ఇదీ చెట్టు సరుకే గనుక కాలిస్తే పత్తిలాగే కాలుతుంది. తడిస్తే మాత్రం పత్తికి తలకిందులు, బలం పోతుంది.

శనివారం ఇంటికి వెళ్లగానే బాపు చేతికి ఒక పొడిపోగు ఇచ్చి తెంపమన్నాను. తెంపాడు. అదే నూలు నీళ్లలో ముంచి ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకుని లాగాడు. చేతులు రెండూ ఒక్కసారిగా విడివడ్డాయి, మధ్యలో ఏమీ లేనట్టు. మరొకటి ఇచ్చాను. అదీ అంతే. ఇరవై తెంపాలని నేను పట్టుబడితే మూడింటితో, "సాలు తియ్" అని విసుక్కున్నాడు.

అవ్వ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"అంటే గిన్ని దినాలు నేనే తెంపిననా?" అంది.

బాపు తడిపోగు వేలికి చుట్టుకుంటూ, "నువ్వు దాని దూప తీర్చినవ్. దానికి దూప లేకపాయె" అన్నాడు.

ఆ రాత్రి గుంటలోని తడి ఇసుక ముగ్గురం ఎత్తిపోశాం. మరునాడు పడుగు ఆరిందని రూఢి చేసుకున్నాకే బాపు గుంటలోకి దిగాడు. నేను పక్కన కూర్చున్నాను. పొద్దుటినుంచి మూడు గజాలు నేశాడు. తెగినవి ఇరవై ఏడు.

"గజానికి ఎన్నొచ్చె?" అని అడిగాడు.

తొమ్మిది అని చెప్పాను. ముప్ఫై ఒకటి ఎక్కడ, తొమ్మిది ఎక్కడ అని కూడా అన్నాను.

"మునుపు నాలుగుండె గదా" అన్నాడు.

దిష్టి తగులుతుందన్న మనిషి ఆ అంకెను ఎనిమిదేళ్లు గుర్తుపెట్టుకున్నాడు. నాలుగేనని ఒప్పుకోక తప్పలేదు. అబద్ధపు అంకె నా నోట రాదు.

"అయితే ఎక్కువైన గా ఐదు నా చేతివి" అన్నాడు. కాసేపు పడుగు మీద అరచెయ్యి ఆడించాడు. "ఐదే గదా. గవి నేను అతుక్కుంట. గుంట గట్లనే ఉండనీ."

ఆ లెక్క నాకు నచ్చలేదు. కొత్తనూలు పత్తికన్నా నునుపు, వేసిన ముడి నిలవదు, పైగా ఆయన అచ్చు, పోగులు దూరే ఆ పళ్ల చట్రం, చాలా పాతది. ఐదూ ఆయన ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. జూన్ జీతం రాగానే కొత్త అచ్చు కొని తీసుకెళ్లాను. మళ్లీ మూడు గజాలు పక్కన కూర్చుని చూశాను. గజానికి ఏడుకు దిగింది.

"మూడే నీవి బాపూ. రెండు పాత అచ్చువి" అన్నాను.

ఆయన అటూ ఇటూ నాడె విసరడం ఆపి నావైపు చూశాడు.

"గంతేనా?" అన్నాడు. అవ్వను పిలిచి ఆ మూడు సంగతి ఆమెకు చెప్పమన్నాడు.