తల్లిగుంతలో నోటిచేప

హులిగెమ్మ ఆలూరు పక్క ఎండుపొలాల నడుమ పుట్టి పెరిగింది. చేద దింపితే బావి అడుగున కనిపించే నల్లటి గుండ్రం, అంతవరకే ఆమెకు తెలిసిన నీళ్లు. కులానికి బెస్తలే గానీ వాళ్ల నాయన వల పట్టి ఎరగడు. తాతల కాలంలో పల్లకీలు మోసిన ఇల్లు. పల్లకీలు పోయాక కూలికి పోయే ఇల్లు అయింది. అట్లాంటి పిల్లను మైదుకూరుకు ఇవతల, కాలువ కింది చెరువు ఊరిలో పుల్లన్నకు ఇచ్చి చేశారు. కాపురానికి వచ్చిన మొదటి రోజు చెరువుకట్ట ఎక్కి, అన్ని నీళ్లు ఒక్కచోట చూసి, అక్కడే కూర్చుండిపోయింది.

అత్త భీమమ్మ నవ్వింది. "భయపడొద్దులేమ్మే. ఇవి మనల్ని మింగే నీళ్లు కాదు, మనకు పెట్టే నీళ్లు."

ఆ ఇంటి మగవాళ్లది వల. ఆడవాళ్లది గంప. ఇవి కాక బిడ్డల్ని కన్న ఆడవాళ్లకు మాత్రమే ఉన్న పని మరొకటి ఉంది. ఎండాకాలం ముదిరి చెరువు ఇంకిపోయి, నడుమ మోకాలి లోతు బురదనీళ్లు మిగిలినప్పుడు, వాళ్లు కొంగు బిగించి బానలతో అందులోకి దిగేవాళ్లు. చేతులతో తడిమి తడిమి పెద్ద కొర్రమీనులను పట్టేవాళ్లు. తూము కింద రాళ్లు కట్టిన గుంత ఒకటి ఉంది. ఎంత కరువులోనూ అది ఎండదు. చేపలను బానల్లో మోసుకుపోయి అందులో విడిచేవాళ్లు. కాలువకు నీళ్లు వచ్చి చెరువు నిండినప్పుడు మళ్లీ తెచ్చి చెరువులో వదిలేవాళ్లు. ఆ గుంతకు తల్లిగుంత అని పేరు. అందులో మగవాడు కాలు పెట్టడు, వల పడదు.

కొర్రమీను ఈనితే పిల్లలు కుంకుమ చల్లినట్టు ఎర్రటి గుంపుగా నీటి మీదికి వస్తాయి. తల్లీ తండ్రీ ఆ గుంపు కిందనే కాపు తిరుగుతుంటాయి. గుంపు కనిపించిన దిక్కున పుల్లన్న వల విసిరేవాడు కాదు. ఆ పూట ఇంట్లో సంగటిలోకి పచ్చిమిరపకాయ కొరుక్కున్నా సరే.

కర్నూలు రాజధాని అయిన ఏడు హులిగెమ్మకు ఆడపిల్ల పుట్టింది. పుట్టింటి దేవుడి పేరు కలిపి ఉరుకుందమ్మ అని పిలుచుకుంది. ఉరుము ఉరిమితే ఆ పిల్ల ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి తల్లి కొంగు కింద దూరేది. ఉరుము ఆగాక ముఖం మాత్రం బయటపెట్టి చూసి, మళ్లీ లోపలికి లాక్కునేది. నాలుగేళ్లు నిండీ నిండకముందే అమ్మవారు పోసి పోయింది. దాని తర్వాత కడుపు పండలేదు.

ఆ ఎండాకాలం హులిగెమ్మ బాన పట్టుకుని చెరువులోకి దిగబోతే, పక్కింటి కృపమణి కట్టమీద నుంచే అంది. "బిడ్డను నిలుపుకోలేని చేయి తల్లిచేపల మీద పడితే మంచిదా పెద్దమ్మా?"

భీమమ్మ తిరిగి చూసింది. "నా కడుపున ఆరుమంది పుట్టి ఒకడు నిలిచినాడు. ఐదుమందిని పూడ్చిన చేయి ఇది. ఈ చేత్తో మోసిన చేపలు చచ్చినాయామ్మే? నీకు చేతనైతే దిగు, లేదంటే నోరు మూసుకోని నీడకు పో."

హులిగెమ్మ కొంగు బిగించింది. దిగింది. ఆ బురదలో చేతికి తగిలిన ప్రతి చేపనూ రెండు చేతులతో పసిపిల్లను ఎత్తినట్టే ఎత్తి బానలో వేసింది. ఆ నాటి నుంచి తల్లిగుంత ఆమెదే అయింది. పొద్దున లేచి ముఖం కడిగితే అక్కడికి, గంప దించితే అక్కడికి.

మరుసటి ఏడు బురదలో ఆమె చేతికి తెలియని చేప ఒకటి దొరికింది. అరచేయంత ఉంది, బూడిదరంగు, వీపు మీద ముళ్లు. దవడ కింద ఉబ్బి ఉంది. ఏమిటా అని చూస్తుండగానే అది నోరు తెరిచింది. ఆవగింజలంత పిల్లలు బిలబిలా ఆమె దోసిట్లోని నీళ్లలోకి వచ్చాయి. కదలకుండా పట్టుకుంది. కాసేపటికి పిల్లలన్నీ ఒకదాని వెనుక ఒకటి తల్లి నోట్లోకే తిరిగి దూరాయి. తల్లి నోరు మూసుకుంది.

హులిగెమ్మ ఆ బురదలోనే కూలబడింది. బిడ్డ పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

భీమమ్మ వచ్చి చేపను తిప్పి చూసింది. "ఇది మన చెరువు చేప కాదు కదమ్మే."

"కాలువ నీళ్లలో వచ్చిందేమో అత్తా. నోట్లో బిడ్డల్ని పెట్టుకోనుండాది. తిండన్నా ఎట్ల తింటాదో పాపం!"

ముసలామె చేపను కోడలి దోసిట్లోనే తిరిగి పెట్టింది. "ఎవురి చేప అయితే ఏమిలే. బిడ్డల్ని మోసేదాన్ని చంపిన చేయి మన ఇంట్లో లేదు. వెయ్యి బానలో."

ఆ రోజు హులిగెమ్మ అట్లాంటివి ఏడింటిని వెదికి పట్టి తల్లిగుంతకు చేర్చింది. చెరువు నిండినప్పుడు కొర్రమీనులతో పాటు వాటినీ, వాటి పిల్లలనూ మోసి చెరువులో వదిలింది.

ఆ ఏడు గడిచేలోగా పుల్లన్న వల నిండా అవే. నోటిచేప అని ఊరు పేరు పెట్టింది. మొదట్లో వల బరువుగా వస్తే పుల్లన్న మురిసిపోయాడు. తర్వాత తెలిసింది. చేప అరచేయి దాటి పెరగదు, ముల్లే ఎక్కువ, సంతలో గంప దించితే ఆడవాళ్లు కాలితో పక్కకు నెట్టి పోతున్నారు. పైగా అది కొర్రమీను పెట్టిన గుడ్లను పెట్టినట్టే తినేస్తుంది. వాన నెలలో హులిగెమ్మ కట్టమీద ఎన్ని పొద్దులు నిలబడినా, ఎర్రగుంపు ఒక్కటీ నీటి మీదికి రాలేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో దండోరా వేశారు. చేపల లైసెన్సులకు కొత్త రూల్సు వచ్చాయి. వల కన్ను కొలిచి చూస్తారు, సన్న కన్ను వల ఉంటే కోసేస్తారు. నోటిచేప పడితే అక్కడికక్కడే చంపాలి. ప్రాణంతో ఉంచినా, ఒకచోటి నుంచి ఒకచోటికి మార్చినా ఆ ఇంటి లైసెన్సు రద్దు. శనివారం ఇన్‌స్పెక్టరు వచ్చి చెరువూ, గుంతలూ చూసి కొత్త కాగితాలు ఇస్తాడు.

భీమమ్మ నోరు నొక్కుకుంది. "మా మామ వల ఏసినాడు, మా ఆయప్ప ఏసినాడు. ఏ కాగితం అడిగినారప్పా వాళ్లను? రేపు గంగమ్మ తల్లిని గూడా లైసెన్సు చూపియ్యమంటారేమో!"

"నగుతావేందిమ్మా," అన్నాడు పుల్లన్న. "కాగితం లేకపోతే వల చూరులో పెట్టుకోవాల్సిందే. నాకు ఇంగో పని తెలుసునా?" పెళ్లాం దిక్కు చూడకుండా అడిగాడు. "తల్లిగుంతలో ఎన్ని ఉండాయే?"

హులిగెమ్మ నిజమే చెప్పింది. "లెక్క లేదు. గుంత కదుల్తాంటాది."

"శనివారం లోపల అది ఖాళీ కావల్ల. నేను దిగగూడదు. నువ్వే దిగల్ల."

తల్లిగుంతలో చంపడమా అని కులం ఆడవాళ్లు ఒక్కరూ తోడు రాలేదు. అత్తాకోడళ్లే దిగారు. మంగళవారం నుంచి కడవలతో నీళ్లు తోడారు. భీమమ్మ గట్టున కూర్చుని అందుకునేది. హులిగెమ్మ నీళ్లలో నిలబడి చేపను పట్టి, రాతికి కొట్టి, గంపలో వేసేది. మొదటి పదీ పన్నెండూ కొట్టేటప్పుడు కళ్లు మూసుకుంది. తర్వాత మూసుకోలేదు. నోరు ఉబ్బిన చేప చేతికి వస్తే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని కొట్టేది.

గురువారం సాయంత్రానికి గుంత అడుగు కనిపించింది. ఆ అడుగున రెండు కొర్రమీనులు మిగిలి ఉన్నాయి. ఒకటి తోక చీలిన ముసలి ఆడది. ఆమె కాపురానికి వచ్చిన ఏటి నుంచీ తెలిసినదే. ఇంకొకటి దాని జత. అంత చెరువుకు రెండే! వాటిని బానలో వేసి అత్తతో ఇంటికి పంపింది.

ఆఖరున ఒక రాతిసందులో నోటిచేప ఒకటి దొరికింది. ఎత్తేసరికి పిల్లలను దోసిట్లోకి కక్కింది. అంతలో పడమర ఎక్కడో ఉరిమింది. పిల్లలన్నీ తల్లి నోట్లోకి దూరాయి. ఒక్కటి మాత్రం దారి తప్పి ఆమె వేళ్ల సందున తిరిగి తిరిగి, ఆఖరుకు అదీ చేరుకుంది.

హులిగెమ్మ చేయి లేవలేదు. రేపు చంపుదాములే అనుకుంది. ఒక్క పొద్దే కదా. ముంతలో నీళ్లు పోసి, అందులో వేసి, మీద తడిగుడ్డ కప్పి ఇంటి వెనుక బాన పక్కన పెట్టింది. మొగుడికి చెప్పలేదు, అత్తకూ చెప్పలేదు.

శనివారం రావలసిన ఇన్‌స్పెక్టరు శుక్రవారం పొద్దున్నే దిగాడు. మంచివాడే. వల కొలిచి బాగుందన్నాడు. తల్లిగుంత చూసి, ఇంత శుభ్రంగా ఏ ఊళ్లోనూ చేయలేదన్నాడు. ఇంటి అరుగు మీద కూర్చుని లైసెన్సు కాగితం రాసి ముద్ర వేశాడు. పుల్లన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వారం రోజుల తర్వాత అతని ముఖంలో నవ్వు కనిపించింది.

"కొర్రమీనులు రెండు కాపాడినారంట. చూపించు," అన్నాడు ఇన్‌స్పెక్టరు లేస్తూ.

పుల్లన్న ఉత్సాహంగా ఇంటి వెనక్కు తీసుకుపోయాడు. ఇన్‌స్పెక్టరు బానలోకి తొంగి చూసి తల ఊపాడు. పక్కనే ముంత మీది తడిగుడ్డ కదిలింది. వంగి గుడ్డ తీశాడు.

పుల్లన్న ముంతలోకి చూశాడు, పెళ్లాం దిక్కు చూశాడు.

"ఇది ఎవరు పెట్టినారు?"

"నేనే సారూ," అంది హులిగెమ్మ. "ఆయప్పకు తెలీదు. నిన్న మాపు చెయ్యి ఆడలేదు. ఇదో, ఇప్పుడే చంపుతా." ముంతలో చేయి పెట్టి చేపను తీసి అరుగురాతికి కొట్టింది. పిల్లలు రాతి మీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో అదుముతూ, "సూడు సారూ, అయిపాయ. ఏమీ లేదు ఇంగ," అంటూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు ముఖం తిప్పుకున్నాడు. "ఒక్కటి చాలమ్మా మొత్తం చెరువుకు. నేను రాకపోయింటే ఇది ఎక్కడికి పోయేది? నిన్నగాక మొన్న ఇంకో ఊళ్లో ఇట్లనే ఒకడిది రద్దు చేసినాను. వానికొక న్యాయం, మీకొక న్యాయమా?" ముద్ర వేసిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి సంచిలో పెట్టుకున్నాడు.

అతను పోయాక భీమమ్మ వచ్చి కోడలి చేతికి నీళ్లు పోసింది. "తప్పు నాదే," అంది. "వెయ్యి బానలో అన్నది నేను." అంతకు మించి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పుల్లన్న తిట్టి ఉంటే బాగుండేదని హులిగెమ్మకు అనిపించేది. అతను వలను మడిచి చూరులో దోపి, ఆవల ఊళ్లో నాపరాళ్ల గనికి పోసాగాడు. వల విసిరిన చేతులు సమ్మెట ఎత్తితే భుజాలు దిగిపోయాయి. సాయంత్రం వచ్చి గోడకు తిరిగి పడుకునేవాడు. హులిగెమ్మ చేపల గంపతోనే అదే గనిలో రాతిముక్కలు మోసింది.

చెరువు లైసెన్సు ఎక్కడి నుంచో వచ్చిన సుంకన్నకు దక్కింది. కాలువకు నీళ్లు వదిలిన రోజు హులిగెమ్మ బాన నెత్తికి ఎత్తుకుని కట్టకు పోయింది. సుంకన్న అక్కడే వల ఆరేసుకుంటున్నాడు.

"అన్నా, ఈ రెండిట్నీ వదుల్తాండా. గుడ్లు పెట్టేదాకా ఈ తూము పక్క వల వెయ్యొద్దు. ఎర్రగుంపు కనపడితే దూరం పో."

"నాకు చెరువు ఇచ్చినారు గానీ, తూము పక్క తీసేసి ఇచ్చినారా అక్కా?" అని అతను నవ్వాడు. చెడ్డవాడు కాడు. ఈ చెరువు మర్యాద తెలియని వాడు, అంతే.

ఆమె చేపలను నీళ్లలో విడిచింది. ముసలిది చీలిన తోక ఒకసారి ఆడించి లోతుకు పోయింది.

ఇరవై రోజుల తర్వాత, గనికి సెలవు రోజు, ఉప్పూ చింతపండూ కొనడానికి మైదుకూరు సంతకు పోయింది. చేపల వరుస దాటి పోబోతూ ఆగింది. సుంకన్న గంపలో నోటిచేపల కుప్ప మీద కొర్రమీను ఒకటి ఉంది. తోక చీలి ఉంది.

ఎవరో కొనుక్కుని శుభ్రం చేసి ఇమ్మన్నారు. సుంకన్న కత్తి తీసుకున్నాడు. హులిగెమ్మ అక్కడే నిలబడింది.

"దాంట్లో గుడ్లుండాయా అన్నా?" అని అడిగింది.

సుంకన్న దాని కడుపు చీల్చి, వేలు పెట్టి చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు.

"నిండుగా ఉండాయక్కా."