నరకం తలుపు చూడాలనుకున్న మా మునిరత్నం

"ఏడాదికి ఒక ట్రిప్పు నీది బావా. నువ్వు ఎటు చెప్తే బండి అటే."

కొత్త వ్యానుకు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజు మునిరత్నానికి వాడి బామ్మర్ది సుధాకర్ ఇచ్చిన మాట ఇది. నేను పక్కనే ఉన్నాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఒక్క ఏడాది కూడా నిలబెట్టుకోలేదు.

నిన్న పొద్దున కాఫీ తాగుతా ఉంటే ఫోన్.

"అన్నా, మీ ఫ్రెండు లేవడం లేదన్నా..." మునిరత్నం భార్య కస్తూరి గొంతు.

గ్లాసు ఎక్కడ పెట్టినానో తెలీదు. వాళ్ళుండే వడమాలపేట ఎట్లా చేరినానో కూడా తెలీదు.

మా మునిరత్నం పోయినాడు. నిద్రలోనే.

సాయంత్రానికి వీధి చివర ఫ్లెక్సీ లేసింది. సుధాకర్ కట్టించినాడు. పోయినోడి ఫోటో కన్నా బామ్మర్ది ఫోటో పెద్దది. కింద "పుణ్యక్షేత్రాలే ప్రాణంగా బతికిన మా బావకు" అని రాయించినాడు.

అబద్ధం. ఈ పోస్ట్ అందుకే.

తెలియని వాళ్ళకు చెప్తాను. మునిరత్నం టూరిస్ట్ వ్యాన్ డ్రైవర్. తిరుపతి స్టేషన్ కాడ యాత్రికుల్ని ఎక్కించుకుని కాణిపాకం, కాళహస్తి తిప్పి, మళ్ళీ స్టేషన్లో దింపేవాడు. బతుకంతా అదే పని. భక్తి లేదని కాదు. కానీ వాడికి పోవాలని ఉండే ఊర్లు వేరే.

సముద్రం చేరకుండా ఎడారిలోనే ఇంకిపోయే నది.

ఒకే ఒక్క మనిషి కాపురం ఉండే ఊరు.

నేను పుస్తకాల్లో చదివి చెప్పేవాణ్ణి. వాడు నోరు తెరుచుకుని వినేవాడు. "లోకమంతా మనూరికి వస్తాది గదప్పా. ఎవురూ రాని చోటు ఎట్లుంటాదో సూడాల" అనేవాడు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మన పక్క గుడి లేని ఊరికి ఎవరు బయలుదేరతారు?

అన్నిటికన్నా ముందు వాడికి నాగపూరు పోవాల. అక్కడ దేశానికి నడిమధ్య అని తెల్లోళ్ళు నాటిన రాయి ఉంది. సున్నా మైలు రాయి.

మాట ఇచ్చిన ఏడాదే రెండు కుటుంబాలు కలిసి బయలుదేరినాయి. హైదరాబాద్ దాటినాక, పక్క సీట్లో ఉన్న సుధాకర్ వేలు ఎడమకు చూపించినాడు.

"రాయికి పోయేదేంది బావా? షిరిడీ పోదాం, పుణ్యమన్నా వస్తాది."

వెనక సీట్లలో అందరూ జై కొట్టినారు.

స్టీరింగ్ పట్టుకున్నోడిదే దారి అనుకుంటాం. కాదు. పక్క సీట్లో వేలు చూపించేవాడిది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఒక వేలు, ఒక మలుపు, ఒక గుడి. మునిరత్నం స్టీరింగ్ అటే తిప్పేవాడు. పెళ్ళాం తమ్ముడు, బండిలో సగం వాటాదారుడు. ఏమంటాడు?

పోయిన ఏడాది వ్యాన్ అమ్మేసినారు. మరుసటి వారమే వాడు నా ఇంటికి వచ్చి, "నాగపూరుకు రైలు టికెట్లు తీయప్పా!" అన్నాడు.

కస్తూరి మాత్రం దేవుడు లేకపోతే కదలనంది. "గుర్రాల స్వామి ఉండాడు మే" అని నమ్మించినాడు. ఆ తల్లి వైరు బుట్టలో టెంకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం సర్దుకుని వచ్చింది.

అబ్బా, ఆ రోజు!

ఆటో దిగంగానే మునిరత్నం పంచె ఎగ్గట్టి పరుగు. ఈ వయసులో! ఇసకరాతి స్తంభం, నాలుగు గుర్రాల బొమ్మలు, చుట్టూ ట్రాఫిక్.

కస్తూరి నాలుగు పక్కలా చూసింది. "స్వామి యాడ?"

"ఇదే మే."

"ఇదా? పూజారి యాడ? గంట యాడ? ఓ అన్నా, నువ్వు చదువుకున్నోడివి గదా, నువ్వు కూడా కలిసినావా దీంట్లో?"

నేను గుర్రాల పక్క చూస్తా నిలబడినాను.

"బతుకంతా కిలోమీటరు రాళ్ళు సూసుకుంటా బండి తోలినాను మే. అన్నిటికీ తల్లి ఇది" అన్నాడు వాడు.

తల్లి అంటే కస్తూరి ఊరుకుంటుందా? పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టేసింది! పోలీసాయన విజిల్ ఊదుకుంటా వచ్చినాడు. మునిరత్నం ఆయన చేతిలో టెంకాయ చిప్ప పెట్టి, తెలుగులోనే, "తినప్పా, మాది తిరుపతి" అన్నాడు. ఆయన తిరుపతి అనే మాట విని దండం పెట్టినాడు!

ముగ్గురం రోడ్డు మీదే కొబ్బరి తింటా నవ్వినాం. వాడు అంతగా నవ్వింది నేనెప్పుడూ చూడలేదు.

తిరుగు రైల్లో ఇంకోటి చెప్పినాను. తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలో ఒక గుంత. ఏళ్ళ తరబడి ఆరకుండా మండుతా ఉంది. నరకం తలుపు అంటారు.

వాడు బెర్తు మీద నుంచి దిగి కూర్చున్నాడు. "సలికాలం పోదామా, ఎండాకాలమా?"

కస్తూరి నెత్తి కొట్టుకుంది. "జనమంతా వైకుంఠ ద్వారం కోసం మనూర్లో క్యూ కడతారు. ఈయన నరకం తలుపు సూసేదానికి పోతాడంట!"

ఈ పోస్టులో పెట్టిన ఫోటో పాస్‌పోర్ట్ కోసం తీయించుకున్నదే. నవ్వొద్దని స్టూడియో వాడు ఎన్నిసార్లు చెప్పినా పెదాలు ఆగలేదు. ఇది పనికిరాదని ఇంకోటి తీసినారు. నాకు మాత్రం ఇదే కావాల.

పాస్‌పోర్ట్ పోయిన నెల వచ్చింది. అన్ని పేజీలూ తెల్లగానే ఉన్నాయి.

ఏడాదికి ఒక ట్రిప్పు అన్న మాట నిలబడి ఉంటే, కాళ్ళలో బలం ఉన్నప్పుడే వాడు ఎన్ని చూసుండేవాడో! పెద్దవాణ్ణి, పోనీలే అనుకోవాలంట. అనుకోను. ఈ పోస్ట్ చదివి నన్ను బ్లాక్ చేసేవాళ్ళు చేసుకోవచ్చు.

పోయి రా మునిరత్నం. నిన్ను తీసుకుపోయేవాళ్ళతో చెప్పు, దారిలో ఆ తలుపు కాడ కాసేపు ఆపమని. దిగి, కళ్ళనిండా చూడు. ఆ తర్వాత ఎక్కడ ఉన్నా నీ మనసు నెమ్మదిగా ఉండాల.

ఈసారి పక్క సీట్లో కూర్చొని వేలు చూపించేదానికి సుధాకర్ లేడు.