నాలుగో జ్వరం

మా దిక్కు దసలి పట్టు పెంచేటోళ్ల మాటల్ల జ్వరమంటే రెండర్థాలు. మనిషికొచ్చేది ఒకటి. పురుగు పాత తోలు ఇడిచే ముందల తిండి బంద్ వెట్టి, తలకాయ పైకెత్తి, కొమ్మకు అంటుకొని గమ్మునుండుడు ఇంకోటి. పుట్టిన కాన్నుంచి గూడు కట్టేదాంక పురుగుకు నాలుగు జ్వరాలు. నా జ్వరాలకైతే లెక్కే లేదు.

మొన్నటి వానకాలం చెన్నూరు అడవిల మద్దిచెట్ల కింద ఒక్కదాన్నే కావలున్న. మా ఆయన మస్కట్ల పనిజేస్తడు. గుడ్లు పగిలినప్పుడు చీమలంత ఉన్న పురుగులు, నాలుగో జ్వరం కాడికచ్చేసరికి నా బొటనవేలంత లావైనయ్. ఆకుపచ్చ ఒళ్లు, పక్కలకు వెండి చుక్కలు. సక్కగుంటయ్, ఎందుకు అబద్ధమాడాలె! ఆ సక్కదనం కాకులకు గూడ ఎరికే. ఇంకో పదొద్దులు కాపాడుకుంటే గూళ్లు కట్టి పట్టుకాయలైతయ్. ఒక్క పూట ఇడిచిపెట్టినమా, కష్టమంత కాకులపాలు. పొద్దు పొడిచిన కాన్నుంచి వడిసెల పట్టుకొని, గొంతు చించుకొని తిరుగుడే.

విత్తనానికి ఉంచిన కాయలల్లకెళ్లి బయటికచ్చే రెక్కల పురుగు దిక్కు నేను చూడనే చూడ. సీతాకోకచిలుక లెక్కనే పెద్ద పసుపు రెక్కలు, రెక్కకో అద్దమసొంటి కన్ను. గానీ దానికి తిననీకె నోరుండదు. ఏం తినకుంట, తాగకుంట గుడ్లు పెట్టి కొన్నొద్దులకే సచ్చిపోతది. గదేం బతుకో, థూ!

పురుగులు నాలుగో జ్వరానికి కూసున్నప్పుడే నాకు గూడ ఒళ్లు కాలుడు మొదలైంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, నేను వణుక్కుంట నిలవడ్డా కాకులు దిగుడు దిగుడే. మూడో దినం మాపటీలి మా ఆయన ఫోన్ చేసిండు.

"ఏం సంగతే?"

"జ్వరం," అన్న.

"ఎన్నొద్దులాయె?"

"ఇయ్యాలటికి మూడు."

"మంచిగైంది. జర కదిలియ్యకు. రేపటికల్లా తోలు ఇడుస్తయ్."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. "పురుగులకు కాదయ్యా, నాకు జ్వరం! కాళ్లల్ల పాణం లేదు!" అని ఒర్లిన.

"అయ్యో! మరి కాకులను ఎవలు కొడుతుండ్రు?" అన్నడు.

"నేనే," అన్న.

కోపం రావాలె. రాలే. దవాఖానకు పోదామని లేచినప్పుడల్లా నన్ను నేను అడుక్కున్నది గూడ గదే మాట. తెల్లారి మొఖం మీద ఇన్ని నీళ్లు సల్లుకొని, మద్దిచెట్ల కిందికే పోయిన.